పలక పట్టే వయసులో రాకెట్టు

ఆరేళ్ళ ఆడపిల్ల చేతికి ఏమిస్తారు? మార్కాపురం, గిద్దలూరు వైపు ఊళ్ళలో అయితే పలకా బలపం ఇచ్చి బడికి పంపుతారు. మార్కాపురం పలకల ఊరు. దేశంలో ఎంతోమంది పిల్లలు మార్కాపురం రాతి పలక మీదే అ, ఆలు దిద్దారు. అయితే అందరు పిల్లల చేతికీ పలక రాదు. కొందరికి చంకలో తమ్ముడు వస్తాడు. కొందరికి గొర్రెల వెంట తిరిగే కర్ర వస్తుంది. పలకలు చేసే చోట పనిచేస్తూ, ఆ పలక మీద తమ పేరు రాయడం రాని పిల్లలు కూడా ఒకప్పుడు ఉండేవాళ్ళు.

హైదరాబాదులో ఒక ఆడపిల్ల ఉండేది. ఆ పిల్లను బడికి పంపారు. బడితో పాటు ఆరేళ్ళ వయసులో టెన్నిస్ రాకెట్టు కూడా చేతికిచ్చారు. ఆ పిల్ల పేరు సానియా మీర్జా. పెద్దదై ఆమె ఆ ఆటలోనే బతుకు వెతుక్కుంది. ప్రపంచంలో ఇద్దరేసి కలిసి ఆడే టెన్నిస్‌లో మొదటి స్థానానికి చేరింది. 2023 దాకా ఆడి, 36 ఏళ్ళ వయసులో ఆట మానింది. మనదేశంలో ఏ ఆడమనిషీ టెన్నిస్‌లో అంత దూరం పోలేదు.

ఆమె ఎట్లా పోయింది? దారిలో ఏమేమి అడ్డు వచ్చాయి? అది తెలుసుకోవాలంటే ముందు ఆట సంగతి కొంచెం తెలియాలి.

ఈ ఆట ఏమిటి?

టెన్నిస్ ఆడే చోటును కోర్టు అంటారు. తగాదాలు తీర్చే కోర్టు వేరు, ఇది వేరు. హైస్కూలు ఆవరణలో వాలీబాల్ కోర్టు చూసే ఉంటారు. దాని పొడవు దాదాపు 60 అడుగులు. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. ఇద్దరు ఆడితే వెడల్పు 27 అడుగులు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఆడితే 36 అడుగులు. నడుమ వల కడతారు. వాలీబాల్ వల తలకు పైన ఉంటుంది. టెన్నిస్ వల నడుము దాకానే ఉంటుంది. మధ్యలో దాని ఎత్తు 3 అడుగులే.

ఇక రాకెట్టు. పలకకు చుట్టూ చెక్క చట్రం ఉంటుంది గదా. రాకెట్టుకూ అట్లాగే చట్రం ఉంటుంది. నడుమ రాయి బదులు సన్నని గట్టి తీగలు ఉంటాయి. నవారు మంచం అల్లినట్టు నిలువుగా, అడ్డంగా వాటిని బిగిస్తారు. కింద పట్టుకోవడానికి పిడి. వెనకటి కాలంలో ఈ చట్రం చెక్కదే. ఇప్పుడు కార్బన్ పోగులతో చేస్తున్నారు. రాకెట్టు బరువు మూడు వందల గ్రాములకు అటూ ఇటూ. బంతి నిమ్మకాయ కంటే పెద్దది, బత్తాయి కంటే చిన్నది. లోపల రబ్బరు, పైన పసుపు రంగు నూగు బట్ట.

అవతలివాళ్ళు కొట్టిన బంతి నేలను రెండోసారి తాకక ముందే తిప్పి కొట్టాలి. అది వల దాటి, అవతలి గీతల లోపల పడాలి. పడకపోతే అవతలివాళ్ళకు పాయింటు. మొదటి పాయింటుకు 15 అంటారు. రెండో దానికి 30. మూడో దానికి 40. నాలుగోది కూడా గెలిస్తే ఒక గేము. 15, 30 తర్వాత 45 రావాలి గదా, 40 ఎందుకొచ్చింది అని అడిగితే ఆ ఆట ఆడేవాళ్ళే తలా ఒక మాట చెబుతారు. ఆరు గేములు గెలిస్తే ఒక సెట్టు. మామూలుగా రెండు గేముల తేడా మాత్రం ఉండాలి. ఆడవాళ్ళ ఆటలో ముందుగా రెండు సెట్లు గెలిచినవాళ్ళదే గెలుపు.

ఏడాది పొడుగునా ఏదో ఒక దేశంలో పోటీ జరుగుతూనే ఉంటుంది. వాటిలో నాలుగు పెద్దవి. ఆస్ట్రేలియాలో ఒకటి, ఫ్రాన్సులో ఒకటి, ఇంగ్లండులో వింబుల్డన్ అనే చోట ఒకటి, అమెరికాలో ఒకటి. వీటిని గ్రాండ్ స్లామ్ పోటీలు అంటారు.

పేడ అలికిన కోర్టు

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. పుట్టిన కొద్దికాలానికే అమ్మానాన్నలు హైదరాబాదుకు వచ్చేశారు. తండ్రి ఇమ్రాన్ మీర్జా, తల్లి నసీమా. అప్పుడు హైదరాబాదు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని. 2014 తర్వాత అది తెలంగాణకు రాజధాని అయింది.

ఆరేళ్ళ పిల్లను తల్లి టెన్నిస్ నేర్పే ఆయన దగ్గరికి తీసుకుపోయింది. పిల్ల మరీ చిన్నది, వద్దన్నాడు ఆయన. తల్లి వదల్లేదు. సరే రమ్మన్నాడు. నెల గడిచిందో లేదో ఆయనే తల్లిదండ్రులకు కబురు చేశాడు. ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లను చూడలేదన్నాడు. ఈ సంగతి సానియా పెద్దయ్యాక చెప్పింది.

ఆ రోజుల్లో హైదరాబాదులో మంచి కోర్టులు తక్కువ. పెద్ద పోటీలు జరిగే కోర్టుల్లో చాలావి సిమెంటు మీద రంగు పూసినట్టు గట్టిగా ఉంటాయి. సానియా నేర్చుకున్న కోర్టులు అట్లాంటివి కావు. పేడతో అలికినవి. మన ఇంటి ముందు వాకిలి అలికినట్టే. అట్లాంటి నేల మీద బంతి ఒకచోట ఎక్కువ లేస్తుంది, ఒకచోట తక్కువ లేస్తుంది. ఆ పిల్ల ఆ నేల మీదే ఆడి, పదకొండేళ్ళు తిరక్కుండా వింబుల్డన్ పచ్చిక మీదికి పోయింది.

నేర్పింది మొదట తండ్రే. మహేశ్ భూపతి అనే పేరున్న ఆటగాడి తండ్రి కృష్ణ భూపతి దగ్గర కూడా కొంత నేర్చుకుంది. తర్వాత సికింద్రాబాదులో సిన్నెట్ అకాడమీలో చేరింది. ఒకవైపు బడి చదువు, ఇంకోవైపు ఆట. పోటీ ఎక్కడుంటే అక్కడికి ఇంట్లోవాళ్ళు వెంట పోయేవాళ్ళు.

చుట్టుపక్కలవాళ్ళు ఊరుకుంటారా? ఎండలో ఆడితే పిల్ల నల్లబడుతుంది, రేపు పెళ్ళెవరు చేసుకుంటారు అన్నారు. అప్పుడు సానియాకు ఎనిమిదేళ్ళు కూడా నిండాయో లేదో. ఆ మాటలు తనకు గుర్తున్నాయని ఆమె చాలాసార్లు చెప్పింది. కంది చేలో, మిరప చేలో రోజంతా ఎండలో పనిచేసే ఆడపిల్లను నల్లబడుతుందని ఎవరూ ఇంటికి పిలవరు. ఆడుకునే పిల్ల మీదే ఆ దిగులు ఎక్కువ.

ఆ మాటలను తల్లిదండ్రులు పట్టించుకోలేదు. ఈ కథలో మొదటి సంగతి అదే.

జీతం లేని పని

టెన్నిస్ ఆడేవాళ్ళకు నెల జీతం ఉండదు. పలకల పనిలో చేసిన లెక్కను బట్టి కూలి ఇస్తారు గదా. ఇదీ అట్లాంటిదే. పోటీలో ఎంత దూరం గెలుచుకుంటూ పోతే అంత డబ్బు. మొదటి ఆటలోనే ఓడితే కొద్దిగా వస్తుంది. చిన్న పోటీల్లో అయితే ఆ డబ్బు దారి ఖర్చుకు కూడా చాలదు. విమానం టికెట్టు, హోటలు గది, తిండి, నేర్పే మనిషికి జీతం అన్నీ ఆడేవాళ్ళే పెట్టుకోవాలి. జబ్బు చేసినా, చెయ్యి నొప్పి పుట్టినా ఆ రోజు కూలి లేదు.

ఇంకొక లెక్క ఉంది. గెలిచినకొద్దీ పాయింట్లు ఇస్తారు. ఆ పాయింట్లను బట్టి వరుస కడతారు. దాన్నే ర్యాంకు అంటారు. ర్యాంకు బాగుంటేనే పెద్ద పోటీల్లోకి నేరుగా రానిస్తారు. అయితే ఈ పాయింట్లు ఏడాది పాటే ఉంటాయి. 52 వారాలు గడిస్తే పాతవి తీసేస్తారు. మళ్ళీ గెలిచి తెచ్చుకోవాలి. పోయిన ఏడు పండిన కందులు ఈ ఏడు గాదెలోకి రావు గదా. ఏడాదికి ఏడాది మళ్ళీ దున్నాలి, మళ్ళీ విత్తాలి. అందుకే టెన్నిస్ ఆడేవాళ్ళు ఇంటిపట్టున ఉండలేరు. ఆగితే వెనకబడతారు.

డబ్బు సంగతిలో ఆడా మగా తేడా కూడా ఉండేది. ఇది కూలి పనికి పోయే ప్రతి ఆడమనిషికీ తెలిసిన తేడానే. ఒకే చేలో పనిచేస్తారు. సాయంత్రం మగవాళ్ళ చేతిలో ఒక కూలి, ఆడవాళ్ళ చేతిలో ఒక కూలి పెడతారు. అట్లా చేయకూడదని 1976లోనే దేశంలో సమాన వేతన చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా కూలి మారలేదు.

టెన్నిస్‌లో 1970లో ఒక గొడవ జరిగింది. అమెరికాలో ఒక పోటీలో గెలిచిన మగవాడికి ఇచ్చే డబ్బులో ఎనిమిదో వంతు మాత్రమే ఆడమనిషికి ఇస్తామన్నారు. తొమ్మిది మంది ఆటకత్తెలు ఎదురు తిరిగారు. వాళ్ళలో బిల్లీ జీన్ కింగ్ అనే ఆమె ఉంది. ఒక్కొక్కరు ఒక్క డాలరు తీసుకుని సంతకం పెట్టి, ఆడవాళ్ళ పోటీలు వేరే పెట్టుకున్నారు. 1973లో ఆడవాళ్ళంతా ఒక సంఘం కట్టారు. ఆ సంఘం పేరు డబ్ల్యు.టి.ఎ. ఆ ఏడే అమెరికా గ్రాండ్ స్లామ్‌లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా డబ్బు ఇచ్చారు. వింబుల్డన్ మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. పెద్ద పోటీల్లో మగవాళ్ళు ఐదు సెట్ల దాకా ఆడతారు, ఆడవాళ్ళు మూడు సెట్లే ఆడతారు, సమానం ఎట్లా అవుతుంది అనేవాళ్ళు. వీనస్ విలియమ్స్ అనే నల్లజాతి ఆటకత్తె 2006లో పత్రికలో దీని మీద రాసింది. చివరికి 2007లో వింబుల్డన్ ఒప్పుకుంది. ఆ ఏడు అక్కడ ఆడవాళ్ళలో గెలిచింది వీనసే. వాళ్ళు మొదలుపెట్టిన 37 ఏళ్ళకు అది జరిగింది. కొన్ని చిన్న పోటీల్లో ఆ తేడా తర్వాత కూడా మిగిలింది.

సానియా పెద్ద ఆటలోకి వచ్చింది సరిగ్గా ఆ కాలంలోనే.

రష్యా అమ్మాయిలు

సానియా ఆటలో అడుగడుగునా రష్యా అమ్మాయిలు కనిపిస్తారు. ఒకసారి పక్కన, చాలాసార్లు ఎదురుగా. ఆ కాలంలో టెన్నిస్‌లో రష్యా ఆడపిల్లల జోరు అట్లాంటిది.

2003లో వింబుల్డన్‌లో చిన్నవాళ్ళకు పోటీ జరిగింది. సానియాకు 16 ఏళ్ళు. ఆమె జోడీ రష్యా పిల్ల అలీసా క్లేబనోవా. ఆ పిల్లకు 13 ఏళ్ళే. ఇద్దరూ కలిసి ఆ పోటీ గెలిచారు. సానియా పేరు పేపర్లలో పెద్దగా వచ్చింది అప్పుడే. క్లేబనోవాకు తర్వాత, 2011లో క్యాన్సరు వచ్చింది. వైద్యం చేయించుకుని ఆమె మళ్ళీ కోర్టులోకి వచ్చి ఆడింది.

2005 సానియాకు పెద్ద ఏడు. జనవరిలో ఆస్ట్రేలియాలో రెండు ఆటలు గెలిచి మూడో ఆటకు పోయింది. మూడో ఆటలో సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. సెరెనా వీనస్‌కు చెల్లెలు. ఓడినా దేశమంతా ఆ ఆట చూసింది. ఫిబ్రవరిలో హైదరాబాదులోనే డబ్ల్యు.టి.ఎ. పోటీ జరిగింది. సానియా ఒంటరిగా ఆడే సింగిల్స్‌లో చివరి దాకా పోయి, ఉక్రెయిన్ అమ్మాయి బొందరెంకో మీద మూడు సెట్లు ఆడి గెలిచింది. డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ పోటీ గెలిచిన మొదటి భారత స్త్రీ ఆమే. మార్చిలో దుబాయిలో రష్యా ఆటకత్తె కుజ్నెత్సోవాను ఓడించింది. కుజ్నెత్సోవా అంతకు ముందు ఏడు అమెరికా గ్రాండ్ స్లామ్ గెలిచిన మనిషి. అదే ఏడు సెప్టెంబరులో సానియా అమెరికాలో నాలుగో ఆట దాకా పోయింది. అక్కడ ఎదురైంది మరియా షరపోవా. ఆమెదీ రష్యానే. ఆ ఆటలో సానియా బాగా ఓడిపోయింది.

ఈ షరపోవా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఆమె 1987లో సైబీరియాలో పుట్టింది. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఆమె తల్లిదండ్రులు ఊరు విడిచి అక్కడికి పోయారు. ఆరేళ్ళ వయసులో తండ్రి ఆమెను టెన్నిస్ నేర్పించడానికి అమెరికా తీసుకుపోయాడు. చేతిలో ఏడు వందల డాలర్లు. ఇంగ్లీషు రాదు. తండ్రి గిన్నెలు కడగడం లాంటి చిల్లర పనులు చేసి పిల్లకు ఆట నేర్పించాడు. వీసా దొరక్క తల్లి దాదాపు రెండేళ్ళు రష్యాలోనే ఉండిపోయింది. ఆ పిల్ల 2004లో, 17 ఏళ్ళకే వింబుల్డన్ గెలిచింది. ఆమెకూ భుజం పాడైంది, ఆపరేషన్ అయింది. నిషేధించిన మందు వాడినట్టు 2016లో తేలి 15 నెలలు ఆట ఆడకుండా నిలిపేశారు. 2020లో ఆట మానింది. అక్కడి పిల్లలదైనా ఇక్కడి పిల్లలదైనా, ఆట మొదలయ్యేది ఇంట్లోవాళ్ళు పెట్టిన కష్టంతోనే.

సానియాకు పేరు వచ్చాక వేరే రకం మాటలు మొదలయ్యాయి. ఆమె ముస్లిం అమ్మాయి. పొట్టి గౌను వేసుకుని ఆడడం తప్పని 2005లో కొందరు మతపెద్దలు అన్నారు. కలకత్తాలో పోటీ జరిగినప్పుడు ఆమె చుట్టూ పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. 18 ఏళ్ళ పిల్ల. ఎట్లా ఆడింది అని అడగాల్సినవాళ్ళు ఏమి కట్టుకుంది అని అడిగారు. ఆమె ఆట మానలేదు, దుస్తులూ మార్చలేదు.

మణికట్టు

సానియా బలమంతా కుడిచేతి దెబ్బలో ఉండేది. దాన్ని ఫోర్‌హ్యాండ్ అంటారు. మణికట్టును విసురుగా తిప్పి కొట్టేది. ఆ దెబ్బతోనే 2007 ఆగస్టులో సింగిల్స్‌లో ప్రపంచంలో 27వ స్థానానికి వచ్చింది. భారతదేశపు ఏ ఆడమనిషికీ సింగిల్స్‌లో అంత మంచి ర్యాంకు రాలేదు.

బలం ఉన్న చోటనే దెబ్బ తగిలింది. మణికట్టు పాడైంది. 2008లో ఆపరేషన్ జరిగింది. ఆ ఏడే బీజింగ్ ఒలింపిక్స్‌లో నొప్పికి తట్టుకోలేక ఆట మధ్యలోనే విడిచేసింది. రోజూ ఒకే పని చేసే చేతికి ఇది మామూలే. రాయి చీల్చేవాళ్ళ చేతులు, బీడీ చుట్టేవాళ్ళ వేళ్ళు, మగ్గం నేసేవాళ్ళ నడుము అడిగితే చెబుతాయి. తేడా ఏమిటంటే, పేరున్న ఆటకత్తెకు డాక్టరు వెంటనే దొరుకుతాడు.

నయమయ్యాక సింగిల్స్ మళ్ళీ ఆడింది. కానీ ఒళ్ళు మునుపటిలాగా సహకరించలేదు. మోకాళ్ళ బాధ కూడా తోడైంది. సింగిల్స్‌లో 27 అడుగుల వెడల్పు కోర్టంతా ఒక్క మనిషే పరుగెత్తాలి. వారం వారం అట్లా ఆడితే చెయ్యి మొత్తానికే పోతుంది. 2013లో ఆమె సింగిల్స్ మానేసింది. ఇక డబుల్స్ మాత్రమే ఆడతానంది.

అప్పుడు చాలామంది సానియా పని అయిపోయిందన్నారు. టెన్నిస్‌లో జనం ఎక్కువగా చూసేది సింగిల్సే. డబ్బు ఎక్కువ వచ్చేదీ అందులోనే. డబుల్స్ అంటే రెండో పంక్తిలో కూర్చున్నట్టు చూస్తారు. అయినా ఆమె తన ఒంటికి తగిన పనిని ఎంచుకుంది. అసలు గెలుపు అక్కడే మొదలైంది.

రోట్లో ఇద్దరి పోటు

డబుల్స్‌లో అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. పరుగు తగ్గుతుంది. కానీ ఇంకొక నేర్పు కావాలి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు రోకళ్ళతో పోటు వేయడం చూసే ఉంటారు. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది దిగాలి. మాట అక్కర్లేదు. చూపు చాలు. తప్పితే రోకలికి రోకలి తగులుతుంది. డబుల్స్ కూడా అంతే. బంతి నడుమకు వస్తే ఎవరు కొట్టాలి? ఒకరు ముందుకు పోతే వెనక ఎవరు కాయాలి? ఆలోచించే లోపల బంతి పోతుంది.

డబుల్స్‌లో రెండు రకాలు. ఇద్దరు ఆడవాళ్ళు జోడీ కడితే ఒకటి. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి జోడీ కడితే మిక్స్‌డ్ డబుల్స్. సానియా మొదటి గ్రాండ్ స్లామ్ 2009లో ఆస్ట్రేలియాలో మహేశ్ భూపతితో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో గెలిచింది. ఆయన తండ్రి దగ్గరే చిన్నప్పుడు ఆమె నేర్చుకున్నది. 2012లో ఫ్రాన్సులో కూడా మహేశ్‌తోనే గెలిచింది. 2014లో అమెరికాలో బ్రెజిల్ ఆటగాడు బ్రూనో సోరెస్‌తో గెలిచింది.

2014లోనే దక్షిణ కొరియాలో ఆసియా క్రీడలు వచ్చాయి. దేశం తరఫున ఆడే ఆ క్రీడల్లో గెలిస్తే ర్యాంకు పాయింట్లు రావు, పోటీ డబ్బూ రాదు. ఆ రోజుల్లో వేరే పోటీలు వదులుకుంటే ర్యాంకు పడిపోతుంది. మొదట పోనని అనుకుంది. తర్వాత మనసు మార్చుకుని పోయింది. తెలుగు కుర్రాడు మైనేని సాకేత్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చింది.

2015 మార్చిలో ఆమెకు సరైన జోడీ దొరికింది. స్విట్జర్లాండ్ మనిషి మార్టినా హింగిస్. హింగిస్ 1997లో 16 ఏళ్ళకే సింగిల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చిన ఆటకత్తె. రెండుసార్లు ఆట మాని, రెండుసార్లు తిరిగి వచ్చింది. హింగిస్‌కు వల దగ్గర ఆట బాగా తెలుసు. సానియాకు వెనక నుంచి గట్టిగా కొట్టడం తెలుసు. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర ఉంది. కలిసి ఆడిన మొదటి మూడు పోటీలూ గెలిచారు. మూడోది గెలవగానే, 2015 ఏప్రిల్ 13న, సానియా డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. భారతదేశపు ఆడవాళ్ళలో ఆ స్థానం ఎవరికీ అంతకు ముందు దక్కలేదు.

ఆ జులైలో వింబుల్డన్ చివరి ఆట. ఎదురుగా మళ్ళీ ఇద్దరు రష్యావాళ్ళే. మకరోవా, వెస్నినా. మొదటి సెట్టు రష్యా జోడీ గెలిచింది. రెండో సెట్టు సానియా జోడీ కష్టం మీద గెలిచింది. మూడో సెట్టులో రష్యావాళ్ళు 5 గేములు, వీళ్ళు 2 గేములు. ఇంకొక్క గేము పోతే ఆట పోతుంది. అక్కడి నుంచి వరుసగా మూడు గేములు లాగి 5-5 చేశారు. అప్పటికి చీకటి పడుతోంది. ఆట ఆపి కోర్టు పైన కప్పు మూసి దీపాలు వేశారు. మళ్ళీ మొదలయ్యాక మిగిలిన రెండు గేములూ వీళ్ళే గెలిచారు. 5-7, 7-6, 7-5. ఆడవాళ్ళ డబుల్స్‌లో గ్రాండ్ స్లామ్ గెలిచిన మొదటి భారత స్త్రీ సానియా.

అదే ఏడు అమెరికాలో, 2016 జనవరిలో ఆస్ట్రేలియాలో కూడా ఈ జోడీయే గెలిచింది. వరుసగా 41 ఆటలు ఓటమి లేకుండా ఆడారు. ఆ వరుసను 2016 ఫిబ్రవరిలో తెంచింది ఎవరనుకున్నారు? రష్యా జోడీయే. వెస్నినా, ఆమెతో పాటు కసత్కినా.

మొత్తం మీద సానియా మూడు గ్రాండ్ స్లామ్‌లు ఆడవాళ్ళ డబుల్స్‌లో, మూడు మిక్స్‌డ్‌లో గెలిచింది. డబుల్స్‌లో మొదటి స్థానంలో 91 వారాలు ఉంది. ప్రభుత్వం 2006లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్ ఇచ్చింది.

ఎప్పుడు స్థిరపడతావు?

2016లో టీవీలో ఒక పేరున్న విలేకరి సానియాను అడిగాడు. పిల్లల సంగతి ఏమిటి, ఎప్పుడు స్థిరపడతావు అని. అప్పటికి ఆమె ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. నేను స్థిరపడినట్టు మీకు అనిపించడం లేదా అని ఆమె తిరిగి అడిగింది. ఆడవాళ్ళు ఎంత సాధించినా, వింబుల్డన్ గెలిచినా, చివరికి ఈ ప్రశ్న తప్పదా అంది. మగ ఆటగాణ్ణి ఆ మాట అడిగేవాణ్ణి కానని ఒప్పుకుని ఆ విలేకరి అక్కడికక్కడే క్షమాపణ చెప్పాడు.

2018 అక్టోబరులో ఆమెకు కొడుకు పుట్టాడు. ఒళ్ళు బాగా వచ్చింది. 26 కిలోలు తగ్గానని ఆమే చెప్పింది. 2020 జనవరిలో ఆస్ట్రేలియాలోని హోబర్ట్ ఊళ్ళో మళ్ళీ ఆటకు దిగింది. రెండేళ్ళకు పైగా ఆట లేదు. పాత పాయింట్లన్నీ పోయాయి. అయినా తిరిగి వచ్చిన మొదటి పోటీయే ఉక్రెయిన్ అమ్మాయి కిచెనోక్‌తో కలిసి గెలిచింది.

2023 జనవరిలో ఆస్ట్రేలియాలో చివరి గ్రాండ్ స్లామ్ ఆడింది. రోహన్ బోపన్నతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ చివరి ఆట దాకా పోయి ఓడింది. 18 ఏళ్ళప్పుడు సెరెనాతో ఆడిన ఊరు అదే. మాట్లాడుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుకు అక్కడే ఉండి చూశాడు. ఫిబ్రవరిలో దుబాయిలో ఆఖరి పోటీ. మొదటి ఆటలోనే ఓడించింది కుదెర్మెతోవా, సామ్సొనోవా. వాళ్ళదీ రష్యానే. మార్చి 5న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో సొంత ఊరి జనం ముందు ఆడి సెలవు తీసుకుంది.

పల్లె పిల్లలకు అందుతుందా?

సానియా పట్నం పిల్ల. ఆమె తల్లిదండ్రులు లక్షాధికారులు కాకపోయినా, పిల్లను కోర్టుకు తీసుకుపోగలిగారు. కంభం దగ్గరి పల్లెలో పిల్లకు ఆ వీలు ఎక్కడిది? ఈ ప్రశ్న న్యాయమైనదే. టెన్నిస్ ఖర్చుతో కూడిన ఆట. రాకెట్టు తీగలు తెగుతాయి, బంతులు అరుగుతాయి, కోర్టు కట్టాలంటే లక్షలు కావాలి.

దీనికి ఒక జవాబు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. గిద్దలూరు నుంచి నల్లమల దాటి నంద్యాల మీదుగా పోతే అనంతపురం వస్తుంది. వానలు తక్కువ, బోర్లు ఎండే నేల. మార్కాపురం వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ 2010లో స్పెయిన్ దేశపు ఆటగాడు రఫేల్ నాదల్ పేరుతో నడిచే సంస్థ, రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి ఒక టెన్నిస్ బడి పెట్టింది. ఆ ఏడు నాదల్ తానే అనంతపురం వచ్చాడు. అప్పటికి ప్రపంచంలో అతనిదే మొదటి స్థానం. చుట్టుపక్కల ఊళ్ళ పేద పిల్లలను అక్కడ చేర్చుకున్నారు. టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పారు. తిండి కూడా చూశారు. అందరూ సానియాలు కావాలని ఆ బడి పెట్టలేదు. పిల్లలు చదువు మానకుండా ఉండాలని పెట్టారు. ఆ కోర్టుల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ వలకు అటూ ఇటూ నిలబడి, ఒకే వరుసలో, ఒకే ఆట నేర్చుకున్నారు.